కాసులపేరు కింద మరక

దగ్గరికి జరుగు తల్లీ, ఇంకొంచెం. ఈ ఫ్యాను మోతలో నా మాట సగం గాలికి పోతుంది. ఇది సగం విని పొయ్యే సంగతి కాదు.

నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను, మా భానుప్రకాష్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నా కొడుకే. ప్రొద్దుటూరులో మా నగల అంగడిని ఈ మధ్య షోరూము చేస్తున్నాడు. "అమ్మా, నీ వయసు ఫొటో ఉంది సూడు, దాన్ని నిలువెత్తు చేసి గోడకు పెడతాం" అన్నాడు. నాకు ఇరవై ఏళ్లప్పటి ఫొటో అది. మెడ నిండా కాసులపేరు, ముత్యాల దండలు. పెదవుల మీద నవ్వు. కాసులపేరు కింద, రవిక మీద అరచేతంత నల్లటి మరక. "పాత కాగితం గదా, చెమ్మ పట్టింటాది. కంప్యూటర్లో తుడిపిస్తాంలే" అన్నాడు. సరే అన్నట్లు తల ఊపాను. ఇన్నేళ్లుగా నాకు బాగా వచ్చిన పని అదే.

ఫొటో కింద రాసే నాలుగు మాటలు వాడి కూతురు మాధురికి అప్పజెప్పాడు. అది తిరుపతిలో పాత ఫొటోల మీద పరిశోధన చేస్తోంది. ముందు "మా జేజి నవ్వులో ఆనాటి వైభవం" అని రాసింది. జేజి అంటే నేనే, దానికి నాయనమ్మను. ఆ తర్వాత ఫొటోను భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"జేజీ, నోరు నవ్వుతాంది గానీ నీ మెడ నరాలు చూడు, ఎట్ల బిగుసుకున్నాయో. కండ్లు కెమెరా దిక్కు లేవు, పక్కకుండాయి. ఆపక్క ఏముండె?"

"తలుపు" అన్నాను.

అది వదలలేదు. చెమ్మ మరకైతే కాగితం మీద ఎటంటే అటు పాకుతుందట, ఇది మాత్రం రవిక మడత దగ్గర ఆగిందట. జమ్మలమడుగు బస్సెక్కింది. ఆ ఫొటో తీసిన మక్బూల్ సాయిబు ఇప్పుడు లేడు, ఆయన భార్య అమీనాబీ ఉంది. రేకుపెట్టెలో దాచిన పాత ఫిల్ములన్నీ ముందర పోసి, నా ఫిల్ము ఏరి ఇచ్చిందట. సాయంత్రం మాధురి చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చింది. "ఫిల్ములో కూడా ఉంది జేజీ. అంటే మరక కాగితానిది కాదు, నీ రవికది. ఏంది అది?"

"పాలే" అన్నాను.

ఏం చెప్పేది తల్లీ! నగల అంగడి కోడలికి నగలుండవు, అంగడి సరుకే ఉంటుంది. ఎవరింట్లో పెళ్లైనా కొత్తగా వచ్చిన దండ నా మెడలో వేసి పంపేవాళ్లు. ఆడవాళ్లు నా మెడ పట్టుకుని చూసి, మర్నాడు అంగడికి వచ్చి అదే కావాలనేవాళ్లు. ఇంటికి రాగానే మా అత్త గడప దగ్గరే అన్నీ విప్పించి కాటా వేసేది. తూకం సరిపోయిందన్నాకే నాకు మంచినీళ్లు. "మా ఇంటిది నడిచే అద్దాల బీరువా" అని నా భర్త జయరామయ్య గిరాకీల ముందు నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను తల్లీ, అది తలచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

ఆ ఏడు అంగడి క్యాలెండరుకు ఫొటో కావాల్సొచ్చింది. ఊళ్లో స్టూడియో అయితే నలుగురూ చూస్తారని జమ్మలమడుగు తీసుకుపోయారు. కాటా కూడా కారులో పెట్టుకొచ్చారు. అప్పటికి నేను మూడు నెలల బాలింతను. బిడ్డ తలుపవతల అత్త ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అత్తా, ఒక్కసారి ఇయ్యి, పాలు పట్టించి ఇస్తా."

"నగల మిందనా? ముత్యాలకు పాలు తగిలితే రంగు పోతాది. గమ్మున నిలబడు."

"విప్పి మళ్లీ పెట్టుకుంటా."

"మళ్లీ యాడ సర్దుతావే? సాయిబుకు పొద్దు పోతాంది. బిన్నా నవ్వు, తొందరగా" అన్నాడు నా మొగుడు.

బిడ్డ ఏడుపు వింటే పాలు ఎవరినీ అడగవు. రవిక తడిసి పొట్ట మీదికి కారింది. "ఛీ, ఇదేంది!" అని ఆయన ముఖం చిట్లించి, కాసులపేరును రెండు వేళ్లతో మరక మీదికి జరిపాడు. అది చాలలేదు. నగలు విప్పి, తూకం వేసి, బిడ్డను నా చేతికిచ్చేసరికి వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

ఇంకా విను. మా ఇంటి ఆడదాని మొహం ఊరు చూడకూడదని క్యాలెండరులో నా తల కత్తిరించారు. గొంతు నుంచి నడుము దాకా అచ్చేశారు. మరకను కుంచెతో పూడ్చారు. ఏడాదంతా రాజుపాలెం దాకా ప్రతి అంగడి గోడకూ నా రొమ్ము వేలాడింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మర్యాద.

మాధురి ఇదంతా నా నోట విని, అన్నం దగ్గర వాళ్ల నాయనతో చెప్పింది. వాడు ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఛీ, పాల మరకా? నలుగురొచ్చే గోడ మింద అసహ్యంగా. తుడిపిచ్చాల్సిందే."

"బయట ఏడ్చింది నువ్వేరా" అన్నాను.

వాడు తలెత్తాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఎంతో ప్రేమగా అన్నాడు: "అట్లయితే తుడిపించొద్దులేమ్మా. కంప్యూటర్లో పైటను కొంచెం పైకి జరిపిస్తాం. నీకూ గౌరవంగా ఉంటాది."

వాడి తండ్రి మీద కలిగిన రోత వేరు. ఇది నేను కన్నది.

"నగలు మీయి. అవి బీరువాలోనే ఉండాయి, ఫొటో తీసి గోడకు పెట్టుకో. ఈ మెడ నాది. ఇయ్యను."

"ఏందమ్మా, ఫ్రేముకు కూడా చెప్పేసినా!"

"చెప్పినోళ్లకే మళ్లీ వద్దని చెప్పు."

ఆ రాత్రే ఫొటోను, ఫిల్మును మాధురి సంచిలో పెట్టాను. మరకతోనే తన పరిశోధనలో అచ్చేసుకొమ్మన్నాను. అది వైభవం మాట కొట్టేసి, నేను చెప్పింది చెప్పినట్లు రాసుకుంది.

కానీ తల్లీ, వాడి ఫోనులో నకలు ఉంది. నేను వద్దన్నా పెట్టినా పెడతాడు. నువ్వు ఎప్పుడైనా ఆ షోరూముకు పోతే, గోడ మీద నేను శుభ్రంగా నవ్వుతూ కనబడితే, కాసులపేరు కింద వేలు పెట్టి పక్కనున్నామెకు చూపించు. ఇక్కడ పాలుండేవని చెప్పు. ఆమెను ఇంకొకామెకు చెప్పమను.