పుట్టీ కింద అతుకు

డెల్మర్ పోయిన రెండేళ్ళకు, షెడ్డులో సగంలో ఆగిపోయిన అతని డ్రాగ్ రేసు కారును భార్య మర్లీన్ అమ్మకానికి పెట్టింది. అరవై నాలుగు నాటి కారు. ఇంజన్ ఒక్కటి ఇస్తే చాలన్న ఇద్దరిని గుమ్మంలోంచే సాగనంపింది. ముక్కలుగా అమ్మేదే లేదు, కారు మళ్ళీ ట్రాకు మీద పరుగెత్తాలి. ఆమె పట్టు అది.

మూడో బేరగాడుగా ఒహాయో నుంచి రాస్కో వచ్చాడు, కూతురు కార్లాను వెంటబెట్టుకుని. తోలేది కార్లాయే. సీటు ఆమెకు కొలిచి చేసినట్టే సరిపోయింది. కారు బోల్తా పడితే తలను కాపాడే వంపు గొట్టాన్ని రాస్కో మురిపెంగా నిమిరాడు. డెల్మర్ వెల్డింగుకు ఇండియానాలో తిరుగులేదని, ఆయన వేసిన రంగు చెడకుండా ఉంటేనే విలువని అంటూ అడిగిన ధరకు ఒప్పుకున్నాడు. మిగిలిన పని ముగించి వచ్చే నెలలోనే పరుగుకు దింపుతాడట.

గొట్టాన్ని ముందు చుక్కలుగా అతికి, తోలేవాళ్ళు కూర్చుని సరేనన్నాక పూర్తిగా అతకడం ఈ పనిలో పద్ధతి. డెల్మర్ చుక్కలు పెట్టేసరికి కార్ల ప్రదర్శన ముంచుకొచ్చింది. సందులు కనబడకుండా పుట్టీ పెట్టించి, రంగు కొట్టేసి, మిగతాది వచ్చాక చూద్దామన్నాడు. వచ్చాక మంచం పట్టాడు. గొట్టం ఇప్పటికీ ఆ చుక్కల మీదే నిలిచి ఉంది, కారు బోల్తా పడితే ఊడిపోతుంది.

నోరు మూసుకుంటే కారు అమ్ముడవుతుంది, డెల్మర్ పేరూ నిలుస్తుంది. మరి ఈ పిల్ల మెడ?

"నువ్వు దిగమ్మా," అని మర్లీన్ గ్రైండర్ అందుకుంది.

రాస్కో అడ్డొచ్చాడు. "రంగు మీద చెయ్యేస్తే బేరం లేదండీ."

"లేకపోతే పోయె."

ఎర్రరంగు లేచిపోయింది, వెనకే పుట్టీ పొడి రాలింది. అడుగున శనగగింజలంత చుక్కలు నాలుగు, వాటి మధ్య సందులు.

"పుట్టీ పెట్టింది నేనే. ఆయన చేసింది తప్పే, నేను చేసిందీ తప్పే," అంది మర్లీన్. మొగుణ్ణి పరాయివాళ్ళ ముందు ఒక్క మాట అనడం అదే మొదలు.

పోదాం పదమన్నాడు రాస్కో. కార్లా కదల్లేదు, ఆ సందును గోటితో తడిమి చూసింది.

"నిన్న ఇంకో కారు చూశాం కదా నాన్నా. దాని రంగు కింద ఏముందో నీకు తెలుసా?"

రాస్కో కారును ఎక్కించుకునే ట్రైలరు తీసుకురావడానికి బయటికి నడిచాడు.

మర్లీన్ గ్రైండర్ మళ్ళీ ఆన్ చేసి, ఆ గొట్టాన్ని రెండువైపులా కోసి పక్కన పడేసింది. ఇక కొత్తది అతికించకుండా ఆ కారును ఏ ట్రాకు మీదికీ రానివ్వరు.