వెనక సీటు బెల్టు

పెదవుల మధ్య నాలుగు చిన్న మేకులు బిగించుకొని కాశింవలి కారు డోరు లోపలి అట్టకు రెక్సిను తొడుగుతున్నాడు. ఒక్కో మేకూ నోట్లోంచి తీసి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, బొటనవేలితో మడత సరిచేసి, మళ్లీ నోటి దగ్గరికి చెయ్యి పోనిస్తున్నాడు. నలభై ఆరేళ్లుగా ఆ నోటికి అదే పని. అందుకేనేమో ఆయన ఎక్కువ మాట్లాడడు. మాట్లాడక తప్పనప్పుడు కూడా, అడిగినదానికి పక్కనున్న సంగతేదో చెప్పి ఊరుకుంటాడు.

రేణిగుంట రోడ్డులో మునిప్రసాద్ పాతకార్ల యార్డు తెరిచేది తొమ్మిదింటికి. కాశింవలి మాత్రం ఏడున్నరకే సైకిలు మీద వచ్చి వెనక రేకుల షెడ్డులో పని మొదలుపెడతాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మిషను మీద వంగి వంగి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. చూపుడువేలి గోరు ఎప్పుడో సూది దిగి రెండుగా చీలి, అట్లాగే పెరుగుతోంది. వాళ్ల నాయన చిత్తూరులో జట్కాబండ్లకు మెత్తలు కుట్టేవాడు. జట్కాలు పోయాక తండ్రీ కొడుకూ సినిమాహాళ్ల కుర్చీలు కుట్టారు. హాళ్లు మూతపడ్డాక కాశింవలి ప్రైవేటు బస్సుల సీట్లకు మళ్లాడు. ఇప్పుడు కార్లు. మనుషులు దేంట్లో కూచుంటే దాని వెంబడి పోయిన బతుకు ఆయనది. వాళ్లు దాంట్లో కూచొని ఎక్కడికి పోతారన్నది ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు మునిప్రసాద్ ఎనిమిదికే వచ్చాడు. నేరుగా షెడ్డులోకి వచ్చాడు. ఆయన షెడ్డులోకి రావడం అరుదు, ఇస్త్రీ చొక్కాకు దూది అంటుకుంటుందని.

"బాయ్, ఆ తిరుచానూరామె బండి ఉండాదే, తెల్లది. పదకొండుకు వినియోగదారుల కమిషన్ నుంచి ఇంజనీరు వస్తాండాడు, బండిని పరీక్ష సేసేదానికి. ఎనక సీటు బెల్టులు రెండూ మార్చెయ్. కొత్తవి తెప్పించినాను."

కాశింవలి నోట్లో ఇంకా రెండు మేకులున్నాయి. తల మాత్రం ఊపాడు.

"ముందరివి అప్పుడే మార్చినాం గదా. ఎనకవి ఎవురు సూస్తారులే అనుకుంటిమి. ఇంజనీరంటే సూస్తాడప్పా." మునిప్రసాద్ రెండు ప్యాకెట్లు మిషను బల్ల మీద పెట్టాడు. పోబోయి ఆగాడు. "నీకు సెప్పాల్సిన పన్లేదు. ఇద్దరి బతుకూ దీంట్లోనే ఉండాది."

ఆయన వెళ్లాక కాశింవలి మిగిలిన రెండు మేకులూ కొట్టాడు. రెండోది వంకర పోయింది. ఆయన చేతిలో మేకు వంకర పోవడం ఈ మధ్య ఎప్పుడూ లేదు.

తెల్లబండి షెడ్డు పక్కనే, చింతచెట్టు నీడన నిలబడి ఉంది. దాని సంగతి కాశింవలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ల కిందట డిసెంబరు తుపానుకు చెన్నైలో వీధులు మునిగినప్పుడు, నీళ్లలో నానిన కార్లను లారీల మీద ఎక్కించి పుత్తూరు దారిన తెచ్చారు. ఈ యార్డుకు మూడు వచ్చాయి. డోరు తెరిచినప్పుడు కొట్టిన కంపు ఆయనకు ఇప్పటికీ ముక్కులో ఉంది. కుళ్లిన ఆకులు, సాకడ కాలువ మురుగు, డీజిలు కలిసిన కంపు. సీట్లు ఊడదీసి, నేలన పరిచిన బురదను చేటలతో ఎత్తి, పౌడరు నీళ్లతో ఆరుసార్లు కడిగి, వారాల తరబడి ఎండబెట్టాడు. కొత్త స్పాంజి, కొత్త కార్పెట్, లేతగోధుమ రంగు తొడుగులు. మెకానిక్కులు వైర్లు తుడిచారు, ఫ్యూజులు మార్చారు. మునిగిన బండి అన్న మాట యార్డులో ఎవరూ అనరు. చెన్నై బండి అంటారు.

అమ్మిన రోజు కూడా ఆయనకు గుర్తుంది. కోమలి అని, తిరుచానూరులో ఆడపిల్లల హాస్టలుకు వార్డెను. నలభై దాటిన మనిషి. తల్లి చంద్రకాంతమ్మను వెంట తెచ్చింది. ఆ ముసలామెకు ఆయాసం. నెలకు రెండుసార్లు వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సుల్లో ఎక్కించలేక కారు కొనాలనుకున్నారు. మునిప్రసాద్ కాగితాలు తెచ్చేదానికి ఆఫీసులోకి పోయినప్పుడు, కోమలి వెనక సీటు మీద అరచెయ్యి ఆనించి, పక్కనే దారాలు కత్తిరిస్తున్న కాశింవలిని అడిగింది.

"అన్నా, మీరు ఇక్కడ పనిచేసే మనిషి. నిజం చెప్పండి, బండి మంచిదేనా?"

"సీటు బాగా కుట్టినానమ్మా" అన్నాడు కాశింవలి. "పదేళ్లయినా పిగలదు."

ఆమె నవ్వి, తల్లిని ఆ సీట్లో కూచోబెట్టుకొని పోయింది.

నాలుగు నెలలు నడిచింది. అయిదో నెలలో వేలూరునించి వస్తుంటే చిత్తూరు దాటాక వాన పట్టుకుంది. దారిలో ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయాయి, ఇంజను ఆగిపోయింది, డోర్లు బిగుసుకుపోయాయి, అద్దాలు దిగలేదు. లోపల ముసలామెకు ఊపిరి ఆడలేదు. వెనక వస్తున్న పాలవ్యాను వాళ్లు రాయితో అద్దం పగలగొట్టి బయటికి లాగారు. ఆ తర్వాత ఆమె పదిరోజులు ఆక్సిజను మీద ఉంది. బండిని లాక్కొచ్చి యార్డులో వదిలిన రోజు కోమలి మునిప్రసాద్ ముందు నిలబడి ఈ సంగతంతా చెబుతుంటే, కాశింవలి షెడ్డులో మిషను ఆపి విన్నాడు. మునిప్రసాద్ ఒకే మాట పట్టుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాండానని సంతకం పెట్టినారు గదమ్మా. పాత బండన్నాక రిపేర్లు రావా?" బాగుచేసిస్తానన్నాడు. నాకు ఈ బండి వద్దు, డబ్బు వాపసు ఇయ్యండి అని ఆమె. చివరికి ఆమె కమిషన్‌లో కేసు వేసింది. కేసు నడుస్తున్న నెలల్లో బండిలో పాత వైర్లు, కంప్యూటరు డబ్బా, ఒక్కొక్కటే మాయమై కొత్తవి వచ్చాయి. మిగిలింది ఈ బెల్టులు.

కాశింవలి వెనక డోరు తెరిచి, పక్క అట్ట స్క్రూలు తీశాడు. బెల్టు చుట్టుకొని ఉండే డబ్బా కనిపించింది. బెల్టును మెల్లగా లాగాడు. మొదటి రెండు జానలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ కాస్త ఆయనే కడిగాడు. ఆ తర్వాత అంచుల్లో బూడిద రంగు. చివరి మూర మొత్తం మట్టిరంగు. వేలు పెడితే పొడి రాలింది. ఆయన వేలి కొసను వాసన చూసుకున్నాడు.

ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు. ఇంటినుంచి భార్య ఫక్రున్నీసా.

"మాత్ర మరిసిపోతివి జీ. బీపీ మాత్ర. ఈడే ఉండాది, అలమార మీద."

"సరేలే."

"ఏమాయ? గొంతు అట్లుండాదే?"

"ఏంలే. పనుండాది."

పెట్టేశాడు. ఆమెకేం చెబుతాడు? పద్నాలుగేళ్లుగా ఇదే షెడ్డు. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మునిప్రసాదే ఆసుపత్రికి కారిచ్చి పంపాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఇప్పుడు పనెవరిస్తారు? ఊళ్లో అందరూ తయారైన సీటు కవర్లు డబ్బాల్లో తెప్పించుకొని తొడుగుతున్నారు. తనేం దొంగతనం చేశాడు? చెప్పిన పని చేశాడు. ఇప్పుడూ చెప్పిన పనే. నాలుగు బోల్టులు విప్పడం, నాలుగు బిగించడం.

స్పానరు బోల్టుకు తగిలించాడు. తిప్పలేదు. పగిలిన అద్దం చోట కొత్త అద్దం వేశారు గానీ, కిందనున్న రబ్బరు సందులో గాజు రవ్వలు ఇంకా మెరుస్తున్నాయి. ముసలామె ఈ పక్కనే కూచొని ఉంటుంది. లోపలినుంచి ఈ అద్దాన్నే చేతులతో కొట్టి ఉంటుంది. తను కుట్టిన సీట్లో కూచొని. పదేళ్లయినా పిగలదని తను చెప్పిన సీట్లో.

బెల్టును వదిలాడు. అది సర్రున డబ్బాలోకి పోయి చుట్టుకుంది. అట్ట పెట్టి స్క్రూలు బిగించేశాడు.

"అయిందా బాయ్?" ఆఫీసు మెట్ల మీదినుంచి మునిప్రసాద్ కేకేశాడు.

"అట్ట బిగించేసినా సామీ."

చెప్పాక తెలిసింది, ఆ మాట ఎట్లాంటిదో. మళ్లీ అదే. పక్కనున్న సంగతి చెప్పి తప్పించుకోవడం. షెడ్డులోకి పోయి కొత్త బెల్టుల ప్యాకెట్లను రెక్సిను చుట్టల వెనక్కి తోసేసి, కడవలోంచి నీళ్లు ముంచుకొని తాగాడు.

పది నలభైకే ఇంజనీరు వచ్చేశాడు. ఇమ్మానుయేల్ అని, పాలిటెక్నిక్‌లో మోటారు బండ్ల పాఠాలు చెప్పే మనిషి. మెడలో కళ్లజోడు, చేతిలో అట్టకు గుచ్చిన కాగితాలు. వెంట కోమలి. ఆమె మునుపటికంటే చిక్కింది. కాశింవలి వైపు ఒకసారి చూసింది, గుర్తుపట్టినట్టు లేదు.

ఇంజనీరు బానెట్ ఎత్తి చూశాడు. కార్పెట్ ఎత్తి టార్చి వేశాడు. ఫ్యూజుల డబ్బా తెరిచి ఫోటో తీశాడు. ముందు సీటు బెల్టులు కొసదాకా లాగి వదిలాడు. ప్రతిసారీ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"అన్నీ కొత్తవే ఉన్నాయి" అన్నాడు.

"పాతవి పాడైనాయని మేమే మార్చినాం సార్, కస్టమరు కోసరం" అన్నాడు మునిప్రసాద్ వినయంగా.

"నీళ్లలో మునిగిన బండి సార్" అంది కోమలి. "వేలూరులో మెకానిక్కు చూసి చెప్పినాడు. లోపల బురద వాసన వస్తాదని నేను మొదటి నెలనుంచీ అంటానే ఉండాను."

"మీరు చెప్పింది నేను రాయలేనమ్మా. నాకు కనపడింది రాయాలి."

ఇంజనీరు వెనక డోరు తెరిచాడు. ముందువాటిని లాగినట్టే బెల్టు పట్టుకొని లాగాడు. జానెడు వచ్చి టక్కున ఆగింది. మళ్లీ లాగాడు. రాలేదు. "ఇది పట్టేసింది" అంటూ అవతలి పక్కకు పోయి అదీ లాగాడు. అదీ అంతే. కళ్లజోడు పెట్టుకొని రాయబోయాడు. మునిప్రసాద్ ముఖంలో నెమ్మది కనిపించింది. మార్చిన కొత్త బెల్టులే అనుకుంటున్నాడు ఆయన.

కాశింవలి షెడ్డు గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. ఇంజనీరు ఇంకో గీత గీస్తే అయిపోతుంది. ఆ కాగితం కమిషన్‌కు పోతుంది. ఎవరూ తనను అడగలేదు. ఎవరూ అడగరు కూడా.

"సార్."

అందరూ తిరిగి చూశారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అది కొంచెం గట్టిగా లాగినా పట్టేస్తాది సార్. మెల్లగా లాగాల."

వచ్చి, చెప్పులు బయట విడిచి, వెనక సీట్లో కూచున్నాడు. బెల్టు పట్టుకొని, దారపుండ నుంచి పోగు లాగినట్టు, తొందర లేకుండా లాగాడు. నల్లని పట్టీ వచ్చింది. అంచుల్లో బూడిద రంగు వచ్చింది. ఆఖరికి మట్టిరంగు మూర బయటపడి, ఎండిన బురద పొడి గోధుమరంగు తొడుగు మీద రాలింది.

ఇంజనీరు వంగి, వేలితో తాకి, ఫోటోలు తీశాడు. బెల్టు పక్కన కొలబద్ద పెట్టి మళ్లీ తీశాడు. అట్ట విప్పించి లోపలి డబ్బాను కూడా తీశాడు. "మీరేం పని చేస్తారిక్కడ?" అని అడిగాడు.

"సీట్లు కుడతాను సార్. ఈ బండి నేనే కడిగినాను. నీళ్లల్లో మునిగి వచ్చిన బండి ఇది. సీటు ఎత్తుదాకా బురద ఉన్నింది."

ఆ మాట కూడా ఆయన రాసుకున్నాడు. పేరడిగి, కింద సంతకం పెట్టించుకున్నాడు. కాశింవలి ఉర్దూలోనే సంతకం చేస్తాడు. కుడినుంచి ఎడమకు, నిదానంగా చేశాడు.

ఆ రిపోర్టు మీదే మూడు నెలల తర్వాత బండి వాపసు తీసుకొని డబ్బంతా తిరిగి ఇవ్వమని, ముసలామె ఆసుపత్రి ఖర్చు కూడా కట్టమని కమిషన్ తీర్పు ఇచ్చింది.

ఆ పూట మాత్రం ఇంజనీరు బండెక్కాక కోమలి వెనక్కి వచ్చింది. షెడ్డు గడప దగ్గర నిలబడింది. ఇప్పుడు గుర్తుపట్టింది.

"ఆ పొద్దు మిమ్మల్ని అడిగినాను కదన్నా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

కాశింవలి చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు.

"బండి సంగతి అడిగితివి. నేను సీటు సంగతి సెప్పినానమ్మా" అన్నాడు. "తప్పు నాదే." ఆ తర్వాత, "అమ్మకెట్లుండాది?" అని అడిగాడు.

"ఇంటి బయటికి రాదు. కారు చూస్తేనే భయపడతాది."

ఆమె వెళ్లిపోయింది. క్షమించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కాశింవలికి.

మధ్యాహ్నం మునిప్రసాద్ ఆఫీసులోంచి బయటికి రాలేదు. పిలవలేదు. కాశింవలి తెచ్చుకున్న అన్నం మూత తీసి, రెండు ముద్దలు తిని మూసేశాడు. ఊరికే కూచోలేక, మర్నాడు పొద్దున డెలివరీ ఇవ్వాల్సిన ఎర్రబండి దగ్గరికి పోయాడు. దాని స్టీరింగుకు తోలు కవరు కుట్టాలి. అది మిషను మీద అయ్యే పని కాదు. డ్రైవరు సీట్లో కూచొని, మైనం పూసిన దారంతో, ఒక్కో రంధ్రం లెక్కచూసి అడ్డంగా నిలువుగా బిగించుకుంటూ పోవాలి. సగం చక్రం పూర్తయింది.

నాలుగున్నరకు నీడ డోరు మీద పడింది. మునిప్రసాద్. కేకలు వేస్తాడనుకున్నాడు. వేయలేదు. డోరు మీద మోచెయ్యి ఆనించి, ఎటో చూస్తూ మాట్లాడాడు.

"నిన్ను నేనేమనాల బాయ్? పెద్దోడివి. పద్నాలుగేండ్లు ఒక్క మాట ఎదురు సెప్పింది లేదు నువ్వు." చొక్కా చేతికి అంటిన దూది దులుపుకున్నాడు. "రేపట్నుంచి రావాకు. నిన్ను సూస్తా ఈడ నేను కూచోలేను."

"సరే సామీ."

పొద్దుటినుంచీ భయపడిన మాట ఇదే. తీరా వినేసరికి, చాలాసేపు మోసిన బస్తా ఎవరో దించినట్టయింది. భుజం నొప్పి మాత్రం అట్లాగే ఉంది.

"ఇది సగమయింది. ముగించిపోతా."

"వద్దులే. ఎవురో ఒకరు సేస్తారు."

కాశింవలి చేతిలోని సూదిని వదిలి దిగాడు. షెడ్డులోకి పోయి తన కత్తెర, సుత్తి, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుష్ఠానం గుడ్డసంచిలో వేసుకున్నాడు. మిషను మీద గుడ్డ కప్పాడు. కొత్త బెల్టుల ప్యాకెట్లు వెతికి తెచ్చి ఆఫీసు మెట్టు మీద పెట్టాడు. సైకిలు తీసి, గేటు దాటేదాకా నడిపించుకుంటూ పోయి, రోడ్డెక్కాక ఎక్కాడు. రేణిగుంట రోడ్డులో కొండకు పోయే బస్సుల మధ్య ఆ వంగిన వీపు కొంతదూరం కనిపించి, ఆ తర్వాత కలిసిపోయింది.

ఎర్రబండి డోరు ఎవరూ మూయలేదు. స్టీరింగు చక్రం సగం నల్లతోలు కప్పుకొని, సగం బోసిగా ఉంది; ఆఖరి కుట్టు దగ్గర మైనపు దారం కొసన వంకర సూది వేలాడుతూ, లారీ పోయినప్పుడల్లా కాస్త ఊగి ఆగుతోంది.