మూడో వేలు

వీరేంద్రకి యాభై నాలుగో ఏట తెలిసింది, తనది వాగుడు కాదు, జబ్బని. ధ్యాస ఒకచోట నిలవదట. అందుకే మాట ఎక్కడో బయల్దేరి ఇంకెక్కడో దిగుతుందట. డాక్టరుగారు ఇది వివరిస్తూండగానే అతను అడ్డొచ్చి, గోడకున్న ఏసీ ఏ కంపెనీదని అడిగాడు.

"ఈపాటి జబ్బు పెళ్ళయిన వారానికే నాను కనిపెట్టీసినాను," అంది భార్య గౌరీశ్వరి.

నిజానికి ఆవిడకంటే బాగా కనిపెట్టినవాడు సుందర్ రాజ్. ఉక్కు ఫ్యాక్టరీలో వీరేంద్ర దిగిన షిఫ్టు ఎక్కేది అతనే. దిగేవాడు యంత్రాల సంగతులు ఎక్కేవాడికి నోటితో అప్పజెప్పాలి. వీరేంద్ర బెల్టు దగ్గర మొదలుపెట్టి, బెల్టు కొన్న ఏడాదికీ, ఆ ఏడాది తుఫానుకీ, తుఫానులో ఎగిరిపోయిన తోడల్లుడి ఇంటి రేకులకీ వెళ్ళిపోయేవాడు.

సుందర్ రాజ్ మూడు వేళ్ళు చూపించేవాడు. "మూడే బావా. ఏటేటి పాడైనాయో సెప్పు."

ఒక్కో సంగతికీ ఒక్కో వేలు మడిచేవాడు. మూడోది మడిచేదాకా ఇంటికి వదిలేవాడు కాదు. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒకసారి ఆ మూడో వేలికి, గ్యాసు వాల్వు కారుతున్న సంగతి బయటపడింది. అప్పటికి లోపల నలుగురు పనిచేస్తున్నారు. వాళ్ళని బయటికి తెచ్చాక, వీరేంద్ర మర్చిపోయాడన్న మాట మాత్రం సుందర్ రాజ్ ఎవరితోనూ అనలేదు.

సుందర్ రాజ్ రిటైరయ్యాడు. అతని ఇంటి సామాను అప్పటికే సముద్రం ఒడ్డున భీమిలి చేరిపోయింది. సెండాఫ్ సభలో వీరేంద్ర మూడు ముక్కలు చెబుదామనుకున్నాడు. మంచివాడు. ఆరోగ్యంగా ఉండాలి. ఆ రోజు నలుగురు బతికింది ఇతనివల్ల. గౌరీశ్వరి చీటీ రాసిచ్చింది. చీటీ ఇంకో చొక్కాలో ఉండిపోయింది.

"మా బావ శానా మంచోడండి," అన్నాడు మైకులో. స్టేజీమీద సుందర్ రాజ్ శాలువా కిందనుంచి మూడు వేళ్ళు చూపించి, ఒకటి మడిచాడు.

"ఆరోగ్యంగా ఉండాల." రెండో వేలు.

ఆరోగ్యం అనగానే షుగరు గుర్తొచ్చింది. షుగరుకి మెంతులు, మెంతుల నుంచి మేడమీద కుండీలు, కుండీల నుంచి పై ఫ్లాటువాళ్ళతో తగువు. జనం పడీ పడీ నవ్వారు. ఇరవై నిమిషాలయ్యాక యూనియన్ సెక్రటరీ లేచాడు.

"వీరేంద్రగారూ, సమోసాలు సల్లారిపోతన్నాయండి."

ఆ సాయంత్రం అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు పడ్డది ఈ మాటకే.

గ్రూపు ఫొటోలో కూడా సుందర్ రాజ్ వేలు ఒకటి నిలబడే ఉంది. ప్రభువు ఒక్కడేనని చెబుతున్నారు కాబోలని వాట్సాప్‌లో ఎవరో మెచ్చుకుని దండాలు పెట్టారు.

ఆదివారం వీరేంద్ర ఫోన్ చేశాడు.

"బావా, నీకో మాట సెప్పాల."

"సెప్పు బావా."

"అక్కడ సేపలు బాగా దొరుకుతన్నాయేటి?"

నలభై నిమిషాలు మాట్లాడాడు. సుందర్ రాజ్ ఓపిగ్గా విన్నాడు. "ఇంకేటి బావా?" అని రెండుసార్లు అడిగాడు కూడా.

ఇంకేదో ఉందని వీరేంద్రకి తెలుసు. ఎదురుగా గోడ ఉంది, గోడకి క్యాలెండరు ఉంది. వేళ్ళు మాత్రం ఫోన్లో కనపడవు.

"అంతే బావా," అన్నాడు.