అరికాళ్ళకు తెలివొచ్చింది

వెచ్చన. ముందు వెచ్చన.

ఇంజను ఊపిరి బస్సు నేలలోంచి పైకొచ్చి, చెప్పుల్లోంచి దూరి, ఆమె అరికాళ్ళను తాకేది.

తర్వాత వణుకు. సన్నటి వణుకు — గుప్పిట్లో తుమ్మెద చిక్కినట్టు.

ఆ వణుకుతోనే ఆమెకు దారి తెలిసేది. ఇది తారు. ఇది కంకర. ఇది నిన్నటి వానకు పడ్డ గుంత. కళ్ళు ఎదర చూసేవి. కాళ్ళు కింద చూసేవి.

ఆ రూటులో అందరికీ ఆమె డ్రైవరమ్మ. వెనక నిలబడే కండక్టరు ఆమె మొగుడే. ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటారో గానీ, బస్సులో మాత్రం అతను "రైట్ రైట్" అంటేనే ఆమె కదిలేది.

ఒకరోజు వెచ్చన రాలేదు.

వణుకూ రాలేదు.

అరికాళ్ళ కింద దూది... ఎక్కడ అడుగేసినా దూదే.

ఒక సాయంత్రం ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎప్పుడు జారిందో తెలియదు.

"ఏ స్టాపులో దిగిందే అది? టికెట్టన్నా కొట్టానా?" అన్నాడు మొగుడు.

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ఆమె పాదాల వైపు చూసుకుంది. అతనూ చూశాడు.

చక్కెర జబ్బు ఆమెకు పాత చుట్టం. ఏళ్ళ తరబడి మాత్ర వేసుకుంటోంది. కాఫీ మరిచినా మాత్ర మరవదు. చక్కెర కూడా బుద్ధిగా, గీత దాటకుండా ఉంది. అయినా డిపోలో అన్నారు — "షుగరంటే అంతేనమ్మా, నరాల్ని తినేస్తుంది."

కాబోలు, అనుకుంది.

తర్వాత ఆ మలుపు.

ఎదురుగా గొడుగేసుకుని రోడ్డు దాటుతున్న పెద్దాయన.

బ్రేకు తొక్కింది. తొక్కానా? తెలియలేదు. వంగి చూసుకోవాల్సి వచ్చింది — పాదం సగం బ్రేకు మీద, సగం గాల్లో. మళ్ళీ తొక్కింది, ఒంట్లో బలమంతా పెట్టి.

గొడుగు అంచు బస్సు అద్దానికి తగిలింది. అంతే. పెద్దాయన నోరారా తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అంత చక్కటి తిట్లు ఆమె ఎన్నడూ వినలేదు.

బస్సును అక్కడే వదిలి, ప్రయాణికుల్ని వెనకొచ్చే బస్సు ఎక్కించింది. డిపోకి వెళ్ళి తాళాలు తనే ఇచ్చేసింది.

"నా కాలు నా మాట వినట్లేదు సార్."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక ఉక్కు కడ్డీని మోగించి బొటనవేలికి ఆనించింది.

"వణుకు తెలుస్తోందా?"

"ఏం వణుకు?"

నాలుక చాపమంది. ఎర్రగా, నున్నగా ఉంది. కారం తగిలితే మంటని చెప్పింది ఆమె. చక్కెర మాత్ర ఎన్నాళ్ళుగా వాడుతున్నారని డాక్టరమ్మ అడిగింది. రక్తం తీయించింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పింది — "మీకు బి-ట్వెల్వ్ అడుగంటిందమ్మా. ఈ మాత్ర మంచిదే, చక్కెరను కట్టేసింది. కానీ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఆ విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నరాలు ఆకలితో ఎండిపోయాయి."

"అయితే ఇవాళే మానేస్తా!"

"మానితే చక్కెర కట్టు తెంచుకుంటుంది. దాన్ని ఉండనివ్వండి. లోటు సూదులతో పూడుద్దాం. ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

సూదులు. దానిమ్మ రసం రంగు మందు.

ముందు నాలుక మంట చల్లారింది. తర్వాత కాళ్ళలో చిటపట... ఎండిన నేల మీద తొలి చినుకుల్లా... ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.

ఒక ఉదయం గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉండగా —

"అబ్బా!"

అతను పళ్ళు తోముకుంటూ, నురగ మూతితోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే?"

"చీమండీ! చీమ కుట్టింది!"

"ఎక్కడ?"

"కాలికి! నా కాలికి!"

కుడి బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి చుక్క. బొట్టులా ఉంది. అతను దాన్ని వేలితో తాకాడు, పసిబిడ్డ బుగ్గను తాకినట్టు.

"చక్కెరున్న కాలు కదా... చీమకు తెలియదూ!"

ఆమె నవ్వింది. ఏడ్చింది. గోక్కుంది. గోక్కోవడం ఇంత హాయని ఎవరన్నా చెప్పారా?

ఎడమ కాలి సంగతి ఇంకా తేలలేదు. తాళాలు ఇంకా డిపోలోనే ఉన్నాయి.

అతను చీమను నలపబోతే చెయ్యి పట్టుకుంది.

చీమ కుడి పాదం దిగింది. కాస్త ఆగింది. మీసాలు ఊపింది. ఎడమ పాదం వైపు తిరిగింది.

ఎక్కింది.

"తెలుస్తోందా... ఏమైనా?" అన్నాడు గుసగుసగా.

"ఉష్... ఉండండి," అంది ఆమె, కళ్ళు మూసుకుని —