డారియో మళ్లీ అగ్గిపుల్ల గీసిన రోజు

ఆస్ట్రేలియాలో ఇంగమ్ చుట్టుపక్కల ఇప్పుడు చెరకు ఆకు తగలబెట్టకుండా పచ్చిగానే కోసేస్తున్నారు. పొద్దువాలే వేళకి తోటలు భగ్గున మండటం, ఊరంతా నల్లటి మసి రాలటం పోయాయి. డారియో బెర్టొల్డికి మాత్రం ఆ మసి వాసన మీద బెంగ. తనని కాల్చిన మంట మీద బెంగ పెట్టుకున్నవాడు ఊళ్లో అతనొక్కడే.

చాలా ఏళ్ల కిందట కోతకి ముందు ఆకు తగలబెడుతుంటే గాలి తిరిగింది. మంట అతని రెండు చేతుల్నీ, మెడనీ అందుకుంది. టౌన్స్‌విల్ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు, కొత్త చర్మం అతికించారు. గాయాలు మానుతున్నా కన్ను మూస్తే మంటే. భార్య ఎల్విరా సూప్ తాగిస్తుంటే కూడా చేతుల వైపు చూసేవాడు కాదు.

రెండో వారంలో గ్లెనిస్ అనే మానసిక వైద్యురాలు వచ్చింది. అప్పట్లో అలాంటివాళ్లు, మనిషి ఇంటికెళ్లి తాగుడుకి దిగాక గానీ కనిపించేవాళ్లు కాదు.

"నాకు పిచ్చేం పట్టలేదమ్మాయ్. చేతులు కాలితే తలకాయకి వైద్యమేంటి?"

"రాత్రుళ్లు అరుస్తున్నది చేతులు కాదు కదండీ."

ఎల్విరా ఫక్కున నవ్వింది. డారియో మూతి ముడుచుకున్నాడు గానీ, పొమ్మనలేదు.

నర్సు కట్లు మారుస్తుంటే గ్లెనిస్ పక్కన కూర్చుని అతన్ని మాటలతోనే తోటలో నడిపించేది.

"ఇప్పుడెక్కడున్నాం?"

"వాగు దగ్గర."

"దిగనా?"

"మొసలుంటుంది, నీ ఇష్టం!"

నొప్పి తగ్గేది కాదు. కానీ పళ్లు బిగించుకోవడం కాస్త తగ్గింది, మధ్యమధ్య ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

తర్వాత ఆ సాయంత్రం సంగతి మొదట్నించీ చెప్పమంది. ప్రతిసారీ ఒక్కచోటే ఆగిపోయేవాడు. ఓ రోజు గోడవైపు తిరిగి చెప్పేశాడు.

"అమ్మా అని అరిచాను. ఇంత వయసొచ్చి. మగాళ్లందరూ విన్నారు."

"వాళ్లలో ఎవరైనా అలా అరిస్తే మీరు నవ్వేవారా?"

డారియో గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆ తర్వాత, కట్టు విప్పినప్పుడు మొదటిసారి తన చేతుల్ని చూసుకున్నాడు.

ఇంటికి పంపే ముందు, ఆసుపత్రి వెనక పచ్చికలో గ్లెనిస్ అగ్గిపెట్టె తీసింది. కొన్నాళ్లపాటు తనే దూరంగా నిలబడి గీసింది, తర్వాత దగ్గరగా. చివరికి అతని చేతికిచ్చింది. రెండు పుల్లలు విరిగాయి. మూడోది వెలిగింది. దాంతోనే గ్లెనిస్ సిగరెట్ ముట్టించాడు.

"నీ మీసం జాగ్రత్త!" అంది పక్కనే ఉన్న ఎల్విరా, ఏడుస్తూ.

మరుసటి ఏడు ఆకు తగలబెట్టే వేళ డారియో తోట గట్టు మీద, మిగతావాళ్ల మధ్య నిలబడ్డాడు. అరుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బుట్టెడు కమలాలు పట్టుకుని ఆ వార్డుకి వెళ్లేవాడు. కొత్తగా కాలినవాళ్ల ముందు కూర్చుని, ఆ కాలిన చేతులతోనే చొక్కా గుండీలు విప్పి, మళ్లీ పెట్టుకుని చూపించేవాడు.

ఈమధ్య ఆ పాత వార్డు పడగొట్టారని తెలిసింది. ఆ రోజు అన్నం సయించలేదు.

"ఎవరైనా ఆసుపత్రి కోసం దిగులుపడతారయ్యా?" అంది ఎల్విరా.

"నా జీవితంలో అంతలా నవ్విన చోటు ఇంకోటి లేదే," అన్నాడు డారియో.