తొంభై నిమిషాలు వింటే చాలు

పెళ్లయిన ఏడో వారంలో మారీబెత్‌కి ఆ ఉత్తరం వచ్చింది. చదివి వంటింట్లోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది. విలియమ్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు హోటల్ గది ఉచితం. రెండొందల ఏళ్ల నాటి వీధులూ ఇళ్లూ చూడటానికి ఇద్దరికీ టికెట్లు ఉచితం. చేయాల్సిందల్లా శనివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి, ఏటా ఓ వారం వాడుకునేలా వాటా కొనుక్కునే విడిది ఇళ్ల గురించి తొంభై నిమిషాలు వినడం.

"మన పాస్టరుగారు అంతకన్నా ఎక్కువసేపే మాట్లాడతారు," అన్నాడు లైల్.

అతను బెక్లీలో టైర్ల కొట్లో పని చేస్తాడు. శని, ఆదివారాలు రెండూ కలిసి సెలవు దొరకడం అపురూపం. మారీబెత్ ఆ సాయంత్రమే నోటుపుస్తకం తీసి ప్రణాళిక రాసింది. పెట్రోలు, దారిలో కాఫీ, ఐసు డబ్బాలో ఇంటి నుంచి తీసుకెళ్లే శాండ్‌విచ్‌లు. తొమ్మిది నుంచి పదిన్నర దాకా వినడం. పదకొండుకి కమ్మరి కొలిమి, తరవాత పాతకాలపు మందుగుండు గిడ్డంగి, గవర్నరు భవనం, సాయంత్రం పిల్లనగ్రోవులు, డప్పులతో ఊరేగింపు. అంతా కలిపి నూటపది డాలర్లు.

"ఇంత చవగ్గా చరిత్ర చూసినవాళ్లు ఉండరు," అంది.

శుక్రవారం గదిలో అడుగుపెట్టగానే ఆమె కళ్లు మెరిశాయి. ఆకు ఆకారంలో రెండు బుల్లి సబ్బులు. స్నానం చేసేటప్పుడు తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలు రెండు. లైల్ ఒకటి పెట్టుకుని అద్దం ముందు గవర్నరులా నిలబడితే, నవ్వీ నవ్వీ ఆమెకి పక్కలో నొప్పి వచ్చింది.

శనివారం తొమ్మిదింటికి వాళ్లని కూర్చోబెట్టిన హాలుకి కిటికీలు లేవు. గోడ మీద గడియారమూ లేదు. ఇరవై గుండ్రటి బల్లలు, బల్లకో జంట, జంటకో అమ్మకందారు. ఎవరైనా సంతకం పెడితే గంట మోగుతుంది, అందరూ చప్పట్లు కొట్టాలి. వీళ్ల బల్ల దగ్గరికి వచ్చినావిడ పేరు జెనీవా. డెబ్భై ఏళ్లుంటాయి, కళ్లద్దాలకి గొలుసు.

"చూడు నాన్నా," అంది లైల్‌తో, "నీ భార్య ఏటా ఒక్క వారమైనా సుఖంగా ఉండాలా వద్దా?"

"ఉండాలండీ."

"పిల్లలు పుడితే వాళ్లకి సముద్రం చూపించవా?"

"చూపిస్తానండీ."

ఒక్కో "అండీ"కి ఆవిడ కాగితం మీద ఒక్కో టిక్కు పెట్టింది.

మారీబెత్ ఆ టిక్కులు లెక్కపెట్టసాగింది. లైల్ అమ్మమ్మ దగ్గర పెరిగినవాడు. పెద్దావిడ మాట్లాడుతుండగా లేవడమంటే అతని లెక్కలో చెంప మీద కొట్టడమే. పెళ్లికి ముందు, గుమ్మం ముందుకొచ్చిన ఓ ముసలాయన దగ్గర అవసరం లేకపోయినా ఆరు చీపుళ్లు కొన్నాడు. ఇక్కడ అమ్ముతున్నవి చీపుళ్లు కావు. తొమ్మిది వేల డాలర్లు, పదకొండేళ్ల వాయిదాలు.

రెండు గంటలయ్యాక ఆమె గొంతు సవరించుకుంది. "మేం ఆలోచించుకుని చెప్తామండీ. ఆ టికెట్లు ఇస్తే..."

"ఇస్తాం తల్లీ, ఎక్కడికి పోతాయి? నేను చీటీ మీద సంతకం పెట్టాలి, అప్పుడే ఇస్తారు. అంతకుముందే లేస్తే గది అద్దె మీరే కట్టుకోవాలి. ఉత్తరం వెనకాల చిన్నక్షరాల్లో ఉందే, చూళ్లేదా?"

చూళ్లేదు. రెండు రాత్రులకి నూట డెబ్భై. వాళ్లిద్దరి దగ్గరా కలిపినా అంత లేదు.

తరవాత స్ట్రౌడ్ అనే మేనేజరు వచ్చి ధర వెయ్యి తగ్గించాడు. వెళ్లి మళ్లీ వచ్చి ఇంకో వెయ్యి తగ్గించాడు. పక్క బల్ల దగ్గర గంట మోగింది. చప్పట్లు కొడుతూ కొడుతూ ఆ బల్ల దగ్గరి అమ్మాయి ముఖం చూసింది మారీబెత్. ఆ అమ్మాయి ఏడుస్తోంది. హాలు చల్లగా ఉన్నా లైల్ చెవులు ఎర్రబడ్డాయి.

"భార్య అంటే ఇష్టం లేదా ఏంటయ్యా?" అని స్ట్రౌడ్ నవ్వి, అతని చేతిలో పెన్ను పెట్టాడు. "కూర్చోండి, ఇంతకన్నా మంచి కాగితం తెస్తా."

లైల్ ఆ పెన్నునే చూస్తున్నాడు. అతను సంతకం పెట్టేస్తాడని ఆమెకి తెలిసిపోయింది. ఈసారి స్ట్రౌడ్ వస్తే పెట్టేస్తాడు.

స్ట్రౌడ్ అటు వెళ్లగానే జెనీవా బల్ల కింద చెప్పులు వదిలి, సంచీలోంచి ఇంట్లో చేసిన చిన్న రొట్టె తీసింది. మధ్యలో ముదురు గోధుమరంగు ఆపిల్ గుజ్జు. దాల్చినచెక్క వాసన. మారీబెత్‌కి తన నాయనమ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

"మీవాళ్లది ఏ ఊరండీ?" అని అడిగింది.

"రిచ్‌వుడ్," అంది జెనీవా, నములుతూ. "మా నాన్న రంపపు మిల్లులో చేసేవాడు. ఇటొచ్చి నలభై ఏళ్లయిందిలే."

"మేం బెక్లీ."

"ఆ యాస వినగానే అనుకున్నా."

మారీబెత్ లేచి నిలబడింది. గౌను ముడతలు సర్దుకుని, చిన్నప్పటి నుంచి ప్రతి గుమ్మంలోనూ పెద్దవాళ్లు అనగా విన్న మాట అంది. "సరేనండీ, పొద్దుపోయింది. మీరూ మాతోపాటు మా ఇంటికి వచ్చేయండి."

బెక్లీ, రిచ్‌వుడ్ ఊళ్లున్న ఆ కొండల్లో సెలవు తీసుకునే పద్ధతి అది. వెళ్లేవాళ్లు రమ్మంటారు, ఇంటివాళ్లు ఉండిపొమ్మంటారు. ఎవరూ రారు, ఎవరూ ఉండరు. రెండు మాటలూ అయ్యాక మాత్రం ఇక ఎవరినీ ఎవరూ ఆపకూడదు.

"ఇవాళ కుదరదులే తల్లీ," అంది జెనీవా నోరు, తనంతట తానే. "మీరే ఈ రాత్రికి ఉండిపోండి."

అనేశాక ఆవిడ నమలడం ఆపేసింది.

లైల్ కాళ్లకి ఏం చేయాలో తెలుసు. లేచి, పెన్నుకి మూతపెట్టి బల్ల మీద ఉంచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఉండాలనే ఉందండీ, కానీ వెళ్లాలి."

జెనీవా మారీబెత్ వంక చూసింది. "గడుసు పిల్లవే," అంది. మెచ్చుకుందో తిట్టిందో ముఖంలో తెలియలేదు. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ మీద సంతకం గీకి తోసింది. "ఆయన వచ్చేలోపు వెళ్లండి. టికెట్లిచ్చే కౌంటరు దగ్గర నవ్వకండి, పట్టేస్తారు."

బయట ఎండకి కళ్లు మూసుకుపోయాయి. కారులో గడియారం మూడూ ముప్ఫై ఐదు చూపించింది.

"నేను సంతకం పెట్టేసేవాణ్ని, బెత్," అన్నాడు లైల్.

"తెలుసు."

"పదకొండేళ్లు."

"తెలుసన్నాగా. ముందు బండి తియ్యి."

టికెట్లు చింపే అమ్మాయి జాలిగా చూసింది. "ఐదింటికి మూసేస్తామండీ. గంటకి పైన కొంచెమే ఉంది. ఇవాళ్టికే చెల్లుతాయివి, ఏమీ చూడలేరు."

"పర్లేదు," అంది మారీబెత్, లైల్ తడి అరచేతిని పట్టుకుని లాగుతూ. "మేం లోపల నడుస్తాం, అంతే."