కుదురుగా కూర్చోని మనిషి

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఆయన అనేవాడు. నేను బతికేదే నలుగురి ముక్కులమీద, ఇక నా కోపం మాత్రం ఇంకెక్కడుంటుంది? సముద్రం ఒడ్డున గవ్వల దండలు, శంఖాలు, సీసాల్లో పడవలు అమ్మే దుకాణాల వరుసలో చివరిది నాది. మనిషిని పక్కకు తిప్పి కూర్చోబెట్టి, ఆ ముఖాన్ని నల్ల కాగితంలో కత్తిరించి, తెల్ల అట్టమీద అంటించి ఇస్తాను. పెన్సిలుతో ముందు గీసుకోవడం లాంటివి లేవు, నేరుగా కత్తెరే. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ కదలకుండా ఉండమంటాను, అంతకుమించి ఎవర్నీ ఏమీ అడగను.

ఆ ఒక్కటీ ఒక మనిషికి చేతకాలేదు. తల్లినీ, భార్యనీ, కూతుర్నీ వెంటబెట్టుకుని ఏటా సెలవులకు వచ్చేవాడు. తల్లి "నా గడ్డం కింద కండ కాస్త తగ్గించమ్మా, నీకు పుణ్యముంటుంది" అనేది. భార్య ఊపిరి బిగబట్టి కూర్చునేది. పిల్లయితే రెప్ప కూడా వేసేది కాదు. ఆఖర్న ఆయనగారు కూర్చునేవాడు. నా కత్తెర నుదురు దాటి ముక్కు దగ్గరికి వచ్చేసరికి బుగ్గలు పూరించి నాలుక బయటపెట్టేవాడు. పిల్ల పడీపడీ నవ్వేది. కాగితం బుట్టలోకి పోయేది.

"కత్తెరమ్మగారూ, ఈసారి బుద్ధిగా ఉంటా" అనేవాడు. ఆ పేరు అతను పెట్టిందే. మళ్ళీ అవే కోతివేషాలు. రెండేళ్ళు పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. కిందటేడు మాత్రం నా వల్ల కాలేదు. "కుదురుగా ఉండలేని ముఖానికి నా దగ్గర కాగితం లేదు. లేవండి!" అని అరిచాను. పక్క దుకాణాల వాళ్ళు కూడా తొంగిచూశారు.

అతను నవ్వుతూనే లేచాడు. "సరే, అట్టమీద నా చోటు ఖాళీగా ఉంచండి. వచ్చే ఏడు బొమ్మలా కూర్చోకపోతే నన్నడగండి" అన్నాడు. నలుగురికి సరిపడే అట్టమీద మూడు ముఖాలే అంటించి ఇచ్చాను.

ఈ ఏడు ముగ్గురే వచ్చారు. అతను ఏ గవ్వల దండల వెనకో దాక్కున్నాడనుకున్నాను.

"ఏడీ మీ ఆయన? ఇవాళ తాడేసి కుర్చీకి కట్టేస్తానని చెప్పమ్మా" అన్నాను.

ముగ్గురిలో ఒక్కరూ నవ్వలేదు. ముసలావిడ తల దించుకుంది.

"ఆయన లేరండీ. ఆర్నెల్లయింది. గుండెపోటు" అంది భార్య.

నా నోరు పడిపోను, ఎంత మాటన్నాను. కూర్చోమని స్టూళ్ళు జరిపాను. పిల్ల మాత్రం కూర్చోకుండా సంచిలోంచి కిందటేటి అట్ట తీసి నా ముందు పెట్టింది. అంచులు నలగకుండా తువాలులో చుట్టి తెచ్చింది.

"పొద్దున తొక్కుడు పడవెక్కాం. నేనూ అమ్మా తొక్కితే ఒక్క చోటే గిరగిరా తిరిగింది. నాన్న లేకపోతే అది తిన్నగా పోదు" అంది. తర్వాత ఖాళీ చోటుమీద వేలు పెట్టింది. "ఇది నాన్నది. మీరు ఒక్కసారి చూసిన ముఖం మర్చిపోరటగా, నాన్న చెప్పాడు. చెయ్యరూ?"

ఆ గొప్ప నేను చెప్పుకున్నదే. వచ్చిన ప్రతివాడికీ చెబుతాను.

"పక్కనుంచి తీసిన ఫోటో ఉందేమో చూడమ్మా" అన్నాను భార్యతో. ఆమె ఫోనులో చాలాసేపు వెతికింది. "అన్నీ ఎదురుగా చూస్తున్నవే. సగం వాటిలో ఆయన లేనే లేరు, తీసింది ఆయనే కదా" అంది. ఎదురుగా చూసే ముఖంలో ముక్కు వాలు తెలియదు.

ఒకటి కత్తిరించాను. ముసలావిడ చేతిలోకి తీసుకుని చూసి, "ఇది నా కొడుకు ముక్కు కాదమ్మా, ఎవరో గుమస్తాది" అంది. ఇంకొకటి కత్తిరించాను. భార్య తల అడ్డంగా ఊపింది. మూడోదానికి కాగితం తీశానే గానీ చెయ్యి కదల్లేదు. అప్పుడు తెలిసింది, అతను కుదురుగా ఉన్నప్పటి ముఖం నేను చూడనే లేదు. కుర్చీలో కూర్చున్న క్షణం నుంచీ, ఎప్పుడు వెక్కిరిస్తాడా, ఎప్పుడు కసురుకుందామా అని కాచుకుని ఉండేదాన్ని. నా చేతికి తెలిసిన ముఖం ఒక్కటే.

దాన్నే కత్తిరించాను. నుదురు, ముక్కు, పూరించిన బుగ్గ, బయటికొచ్చిన నాలుక. కత్తెర ఎక్కడా ఆగలేదు.

"నాన్న!" అంది పిల్ల. అంటూనే పడీపడీ నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ముసలావిడ ఆ బుగ్గ మీద వేలితో నిమిరింది. భార్య పమిట కొంగు నోటికి అడ్డంపెట్టుకుని, "ఇదేనండీ, ఇలాగే ఉండేవారు" అంది.

అంటించబోతే ఆ చోటు చాలలేదు. నాలుక పోయి పక్కనున్న పిల్ల బొమ్మ జడకు తగులుతోంది. "కొస కాస్త తీసేస్తానమ్మా" అన్నాను.

"వద్దు, తగలనీ" అంది పిల్ల.

అలాగే అంటించి ఇచ్చాను. మళ్ళీ తువాలులో చుట్టుకుని తీసుకెళ్ళారు. కిందటేడు నేను కాస్త ఓర్చుకుని ఉంటే, ఇదే బొమ్మ అతని చేతికే ఇచ్చి ఉండేదాన్ని.